వెనక సీటు బరువు

భారతికి పెళ్లయి ఏడేళ్లు. ఆ ఏడేళ్లలో ఆమె చూసిన దూరప్రాంతం ఏదయ్యా అంటే విశాఖపట్నం, అది కూడా కళ్లు చూపించుకోడానికి. అందుకే మొగుడు ఈశ్వర్ ఒకరోజు "ఒసే, సెలవు దొరికింది, బండి మీద లడాక్ ఎల్దాం, మంచు సూద్దువుగాని" అంటే ఆమెకి ఆ పూట అన్నం దిగలేదు. భోగాపురంలో ఎయిర్‌పోర్టు పనుల దగ్గర క్రేన్ నడుపుతాడతను. మేనబావే. వచ్చే నెలంతా సెలవు. అతను మాట మార్చేలోగా బ్యాగు సర్దేయాలని ఆమె ఆత్రం.

ముందు బండి కావాలి కదా. ఇంట్లో ఉన్నది శృంగవరపుకోట సంతకెళ్లి రావడానికి సరిపోతుందంతే. ఇద్దరు మనుషుల్నీ, నెలరోజుల సామాన్నీ మూడు వేల కిలోమీటర్లు మోసే బండి వేరు. మూడు వారాలు షోరూములు తిరిగారు. ఒకటి మరీ ఎత్తు, భారతి ఎక్కాలంటే స్టూలు వెయ్యాలి. ఒకదానికి ముందు సీటు సింహాసనం, వెనక సీటు అరచెయ్యంత. ఇంకోదానికి పక్క పెట్టెలు తగిలిస్తే సైలెన్సరుకి ఆనుకుంటున్నాయి. వెళ్లిన ప్రతిచోటా ఈశ్వర్ ఆమెని ఎక్కించి, దించి, మళ్లీ ఎక్కించి, వెనక స్ప్రింగు ఎంత కుంగిందో వంగి చూసేవాడు. "మా ఇంటిదాన్ని మోసిందంటే లడాక్ ఏటి, లంకకైనా ఎల్తాది" అని షోరూము వాళ్లతో ఇకిలించేవాడు. వాళ్లు నవ్వేవారు. భారతీ నవ్వేది. ఏం చేస్తుంది, మంచు చూడాలి మరి.

చివరికి ఫోనులో కనపడింది. రెండేళ్లు వాడిన టూరింగ్ బండి. పక్కల రెండు అల్యూమినియం పెట్టెలు, వెనక ఇంకో పెట్టె, నడుం ఆనించుకోడానికి దానికి మెత్తటి దిండు. భారతికి నడుం నొప్పి. "బావా, ఇదే" అంది. ఆ మాట ఆమే అంది, అదే ఖర్మ.

మర్నాడు మధ్యాహ్నానికి బస్సులో బొబ్బిలి వెళ్లి, ఆ బండి అమ్మేవాళ్లింటికి చేరారు. బండి యజమాని జగన్నాధం గుండుతో ఉన్నాడు. నడవలో కింద కుసుమకుమారి అని పేరు రాసున్న ఆవిడ ఫొటో, ముందు దీపం, పక్కన గ్లాసుతో నీళ్లు. చావిల్లు. ఈశ్వర్ అవేవీ చూడలేదు. అతని కళ్లు వాకిట్లో బండి మీదే ఉన్నాయి.

ఒక్కడే ఓ చుట్టు తిప్పుకొచ్చాడు. తర్వాత భారతిని ఎక్కించుకుని ఇంకో చుట్టు. దిగి, వంగి, స్ప్రింగు చూశాడు.

"ఓల్నాయనో! నువ్వెక్కినా ఒకటే, దిగినా ఒకటే. ఎనకాల మడిసున్నట్టే తెలీదే!"

జగన్నాధం మొహం పాలిపోయింది.

"అదే బాబూ దీంతో వచ్చిన చిక్కు" అన్నాడు మెల్లగా. "మా ఆవిడ నా భుజం మీద రెండుసార్లు తడితేనే బండి కదిపేవాణ్ణి. ఆరోజు కూడా తట్టింది. కదిపాను. నలభై కిలోమీటర్లు ఆవిడతో కబుర్లాడుకుంటూ పోయాను. వెనక బరువు అలాగే ఉంది. నడుం చుట్టూ చెయ్యి కూడా ఉంది. ఏదో చూపిద్దామని వెనక్కి తిరిగాను... సీటు ఖాళీ."

"పడిపోయారా?" అంది భారతి.

"లేదమ్మా. అసలు ఎక్కనేలేదు. ముందాగిన చోటే ఉండిపోయింది. నాకోసం అరిచిందంట, రోడ్డు మీద పరిగెత్తిందంట, చూసినవాళ్లు చెప్పారు. ముప్పావుగంట బాగానే ఉందంట. నేనిక్కడ వెనక్కి తిరిగిన నిమిషానికే అక్కడ మనిషే లేకుండా పోయింది..." ఆగిపోయాడు. "తిరక్కుండా ఉంటే ఉండేదేమో. రేపు పదో రోజు. ఆలోగా ఈ బండి నా వాకిట్లో ఉండకూడదు."

భారతి మొగుడి చొక్కా లాగింది. "బావా, వద్దు. పోదాం రా."

"ఊరుకోయే. దుఃఖంలో ఉన్న మడిసి ఏదో అంటాడు. ఇలాటి బండి మళ్లీ దొరుకుద్దేటి? లడాక్ ఒద్దా నీకు?"

ఆ ఒక్క మాటతో ఆమె చెయ్యి చొక్కా వదిలేసింది.

చావింటి నుంచి వెళ్లేటప్పుడు ఎవరైనా చెప్పకుండా గమ్మున వెళ్లిపోతారు. వెళ్లొస్తామని అననే అనరు. పసిపిల్లలకి కూడా తెలిసిన సంగతి. డబ్బిచ్చి తాళం పుచ్చుకున్న ఈశ్వర్ మాత్రం కొత్త బండి సంబరంలో గుమ్మంలో నిలబడి "ఎల్లొస్తామండి బాబూ!" అని గట్టిగా అన్నాడు. భారతి వీపు మీద గిల్లింది. దాంతో ఇంకా హుషారొచ్చింది మహానుభావుడికి. ఫొటోలో ఆవిడ వైపు చెయ్యూపి, సొంత అక్కని పిలిచినట్టు, "నువ్వూ రా అప్పా! సీటు పెద్దదే, మా దానికి తెలీకుండా కూకో" అన్నాడు.

దీపం ఆరలేదు. గాలీ వీయలేదు. జగన్నాధం చేతుల్లో మొహం దాచుకుని అక్కడే కూలబడ్డాడు, అంతే.

తిరిగొచ్చేటప్పుడు, పాత బండి మీది అలవాటుకొద్దీ, భారతి మొగుడి వీపుకి ఆనుకోవాలని ముందుకి జరిగింది. వీపు తగల్లేదు. ఇంకాస్త జరిగింది. తగల్లేదు. చెయ్యి చాస్తే అతని చొక్కా అందుతోంది, ఒళ్లు మాత్రం ఆనడం లేదు. మధ్యలో ఏదో చల్లగా అడ్డం... తడితల వాసన, పసుపు వాసన. ఇంటికొచ్చి ఇద్దరూ దిగాక చూసింది. ఖాళీ బండి వెనక స్ప్రింగు కుంగే ఉంది.

చెప్తే, "పొద్దున్న తింటివి కదా ఆరు ఇడ్లీలు, ఆ బరువింకా దిగలేదు" అన్నాడు.

నాలుగు రోజుల తర్వాత తెల్లారగట్ల బయల్దేరారు. వద్దనే మాట భారతి నోటిదాకా వచ్చింది. చెప్తే అతనొక్కడే పోతాడు, అంత పనీ చేస్తాడు. ఏడేళ్లకి దొరికిన ఒకే ఒక్క ప్రయాణం. ఎక్కింది. భుజం మీద రెండుసార్లు తట్టింది. జగన్నాధం దగ్గర నేర్చుకున్న పద్ధతే.

సాలూరు దాటాక, ఘాటీ మొదట్లో కూర్మమ్మ అనే ముసలామె టీ బడ్డీ దగ్గర ఆగారు. కొండలు మంచులో మునిగున్నాయి. టీ తాగి ఈశ్వర్ బండి దగ్గరకెళ్లి హెల్మెట్ పెట్టుకున్నాడు.

"అత్తా, ఇంకో టీ ఇయ్యి, చలేస్తంది" అంది భారతి.

"కూకో కోడలా, బేగి ఇచ్చెస్తాను."

బల్ల మీద కూచుని కొండలకి ఫొటో తీస్తోంది. బండి చప్పుడైంది. తలెత్తింది. ఈశ్వర్ భుజం మీద తట్టినట్టుగా... ఒకసారి. రెండోసారి. చొక్కా రెండుసార్లు కుంగింది. చెయ్యి కనపడలేదు. బండి కదిలింది.

"బావా! నానిక్కడ! బావా..."

రోడ్డు మీదకి పరిగెత్తింది. మంచులోకి పోతున్న బండి మీద ఇద్దరున్నారు. వెనకామె మీద భారతి చున్నీలాంటి ఎర్ర చున్నీ ఎగురుతోంది. ఈశ్వర్ తల కాస్త వెనక్కి వంచి కబుర్లు చెబుతున్నాడు.

వెనక్కొచ్చి బల్ల మీద కూచుని ఫోను చేసింది. హెల్మెట్లో మైకుంది, ఎత్తుతాడు. ఎత్తాడు.

"ఎవులు?"

"నానే... భారతిని. నన్నొగ్గేసి ఎల్లిపోనావు. బావా, నీకు దండం పెడతాను, ఎనక్కి తిరక్కు. తిన్నగా సూస్తా బండి తిప్పి వచ్చీ..."

ఈశ్వర్ పకపకా నవ్వాడు. "భారతి నా ఎనకాలే ఉన్నాది. నడుం పట్టుకుని కూకున్నాది. నువ్వెవులమ్మా?"

అప్పుడు వినపడింది. గాలి హోరులో, అతని వెనక నించి, గారంగా... "ఎవులు బావా?"

అది భారతి గొంతే.

"ఎవులో ఏటో, అచ్చం నీలాగే ఏడుస్తంది. ఉండు, ఇద్దర్లో ఎవులు మా ఇంటిదో మొకం సూసి సెప్తాను."

"బావా, వద్దు... తిరక్కు... బావా..."

ఫోనులో గాలి హోరు టక్కున ఆగిపోయింది.

కూర్మమ్మ వేడి గ్లాసు పట్టుకుని బయటికొచ్చింది. బల్ల దగ్గర నిలబడి రోడ్డుకి అటూ ఇటూ చూసింది.

"అత్తా" అంది భారతి. "అత్తా, నానిక్కడే ఉన్నాను."

"ఓలమ్మ! టీ ఇమ్మని ఇంతట్లోకే ఎటెల్లిపోనాది మడిసి?" అని ముసలామె గొణుక్కుంది. చల్లారిపోతుందని తనే ఒక గుక్క తాగింది. మోకాళ్లు పట్టుకుని, మెల్లగా, భారతి కూచున్న చోటే కూచుంది.