పొగసారు లిస్టులో ఎర్ర గీతలు

"ఇందులో ఏడు కుదరవు," అంది ఇన్‌స్పెక్టర్, తలైనా ఎత్తకుండా.

పొగసారు గబుక్కున ఆమె బల్ల మీదికి వంగి చూశాడు. అతను కెమిస్ట్రీ లెక్చరర్. ఆ పేరు కాలేజీ పిల్లలు ముద్దుగా పెట్టింది. టౌన్‌హాల్లో జనం కోసం కెమిస్ట్రీ షో చేద్దామని పది ప్రయోగాలు రాసుకుని, అగ్నిమాపక శాఖ ఆఫీసుకి సంతకం కోసం వచ్చాడు. ఇప్పుడా కాగితం మీద ఏడు ఎర్ర గీతలున్నాయి.

"ఏడా! ఇక మిగిలేది రంగులు మారే క్యాబేజీ నీళ్లేనండీ!"

"క్యాబేజీ నీళ్లతో ఎవరి కనుబొమ్మలూ కాలవు."

"రంగుల మంటలు కూడా కొట్టేశారా? షోకి హైలైటే అదండీ!"

"మంట దగ్గర సీసాలోంచి స్పిరిట్ ఒంపుతారు. మంట వెనక్కి పాకి సీసాలో దూరుతుంది. సీసా మూతి ఎటుంటే అటు నిప్పు దూకుతుంది. ముందు వరసలో మీ చెల్లెల్ని కూచోబెడతారా?"

పొగసారు తల అడ్డంగా ఊపాడు. "కూచోబెట్టనండీ."

అప్పుడు ఆమె తలెత్తింది. నవ్వింది కూడా. ఆ నవ్వుని ఆపే గాగుల్స్ ఏ షాపులోనూ దొరకవని అతనికి అక్కడికక్కడే అర్థమైపోయింది.

"భయపెట్టి నోళ్లు తెరిపించడం తేలిక. ఆశ్చర్యపెట్టి తెరిపించండి, చూద్దాం. గురువారం మీ ల్యాబ్‌కొస్తాను."

వచ్చింది. వానని వెంటబెట్టుకుని మరీ వచ్చింది. అతను పొడుగు సీసాలో పలచటి పెరాక్సైడ్, సబ్బునీళ్లు కలిపి, నానబెట్టిన ఈస్ట్ పోశాడు. నురగ బుసబుసా పొంగి బల్ల మీదికి దొర్లింది.

"అబ్బా!" అని చప్పట్లు కొట్టేసింది. వెంటనే గొంతు సవరించుకుని, "పర్వాలేదు," అని ఫైల్లో రాసుకుంది.

ఆ "అబ్బా" మళ్లీ వినాలనిపించింది పొగసారుకి. అంతే, లిస్టు మారడం మొదలైంది.

"నురగ ఊదారంగులో ఉంటేనో?" అని ఫోన్ చేశాడు. వచ్చింది. "సీసా ఇంకాస్త పొడుగైతేనో?" మళ్లీ వచ్చింది. నాలుగోసారి, "బల్ల ఎడమవైపు జరిపితేనో?" అన్నాడు.

"బల్లకి కూడా నా సంతకం కావాలా?"

"సేఫ్టీ కదండీ. అస్సలు రిస్క్ తీసుకోకూడదు."

పెదవి కొరుక్కుని నవ్వాపుకుంటూ, బల్ల ఎడమవైపు బాగుందని రాసి వెళ్లింది.

ఐదోసారి అతను నీళ్లలా ఉన్న రెండు ద్రవాలు ఒక గ్లాసులో కలిపాడు.

"ఏమీ కాలేదే?"

"ఆగండి మరి!"

ఇద్దరూ గ్లాసు మీదికి వంగారు. ఉన్నట్టుండి అదంతా సిరాలా నల్లబడిపోయింది. ఆమె ఉలిక్కిపడి అతని మోచెయ్యి పట్టుకుంది. వదిలెయ్యాలని ఇద్దరికీ తోచలేదు.

ఆమె ఫోన్ మోగింది. "వచ్చేస్తున్నా బంగారం! నువ్వు లేకపోతే నాకు తోస్తుందా?" అంది ఫోనెత్తి.

బంగారం! పొగసారు ఉత్సాహమంతా చప్పున చల్లారిపోయింది.

"ఇక మార్పులేం లేవు మేడమ్. ఇదే ఫైనల్."

"నిజంగానా? బల్ల కుడివైపు పెట్టి చూడక్కర్లేదా?"

"అక్కర్లేదు మేడమ్."

ఆమె మొహం చిన్నబోయింది. సంతకం పెట్టి వెళ్లిపోయింది.

ఆదివారం హాలు కిటకిటలాడింది. షో మొదలవుతుందనగా ఇన్‌స్పెక్టర్ ఒక ముసలావిడ చెయ్యి పట్టుకుని వచ్చింది.

"మెట్టు చూసుకో బంగారం."

"నాకు కళ్లు లేవుటే!"

"మా అమ్మమ్మండీ," అని పరిచయం చేసింది.

పొగసారు మొహం చాటంతయింది. "నమస్కారం బంగారం గారూ!" అనేశాడు.

అమ్మమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "వరసలు కలిపేస్తున్నాడేమే ఈ అబ్బాయి!"

ఇక స్టేజీ మీద అతనికి పట్టపగ్గాలు లేవు. గ్లాసులో ద్రవాలు కలిపి, "అందరూ లెక్కపెట్టండి!" అన్నాడు. మూడొందల గొంతులు ఒక్కటయ్యాయి. ఇరవై రెండు దగ్గర గ్లాసు నల్లబడింది. హాలు దద్దరిల్లింది. ఏ ఒక్కరి కనుబొమ్మా కాలలేదు.

జనమంతా వెళ్లాక అతను గ్లాసులు కడుగుతుంటే ఆమె తుడుస్తోంది.

"ఒక నిజం చెప్పాలండీ. ఆ బల్ల ఎటున్నా ఒకటే. మీరు రావాలని..."

"తెలుసు."

"తెలిసే వచ్చారా?"

"రూల్ ప్రకారం ఒక షోకి ఒక్క తనిఖీ చాలు. నేను ఐదుసార్లొచ్చాను. మీరేమో ఉన్నట్టుండి మేడమ్, మేడమ్ అని నన్ను ఏడిపించారు."

"ఫోన్లో బంగారం అన్నారు కదా అని..."

ఆమె పడీ పడీ నవ్వింది. అతను నవ్వలేదు. "మీరంటే నాకు చాలా ఇష్టమండీ."

"నాకూనండీ," అంది, చెవులదాకా ఎర్రబడుతూ. "రాసి సంతకం పెట్టమంటారా?"

గుమ్మంలోంచి అమ్మమ్మ కేకేసింది. "కాళ్లు పీకుతున్నాయే! ఒప్పుకున్నాడా, లేదా?"

"నేనే ఒప్పుకున్నాను అమ్మమ్మా!"

"ఎవరైతేనేం! త్వరగా రండి ఇద్దరూ. ఈ అబ్బాయి గురించి మీ అమ్మకి నచ్చజెప్పే పని నాది."

సబ్బు ఆరని చేతులతోనే, ఒకరి వేళ్లలో ఒకరు వేళ్లు చిక్కించుకుని, ఇద్దరూ గుమ్మం వైపు పరిగెత్తారు.