జాబితాలో లేని నత్త

శనివారం పొద్దున్న ఏడుంబావుకి నా ఫోను టింగుమంది. మా ఆవిడ యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటోంది. నేను పళ్ళు తోముకుంటున్నాను. పెళ్లయి అరవయ్యొక్క రోజులైనా, ఒకే మగ్గులో రెండు బ్రష్షులు ఒకదానికొకటి ఆనుకుని నిలబడటం చూస్తే నాకింకా నవ్వొస్తుంది.

"ఎవరు, పొద్దున్నే?"

"పోటీవాళ్ళు," అన్నాను నోటినిండా నురగతో. "'మీ జోడీ ఆఖరి పదహారు జట్లలోకి ఎంపికైంది. అభినందనలు...'"

మిగతాది ఆవిడ కేకలో కలిసిపోయింది. ఇస్త్రీపెట్టె వదిలేసి వచ్చి నా మెడకి వేలాడింది. టూత్‌పేస్టు ఆవిడ భుజానికంటింది. ఆవిడ పట్టించుకోలేదు. ఇద్దరం గుండ్రంగా మూడు చుట్లు తిరిగాక ఏదో మాడిన వాసనొచ్చింది.

యూనిఫాం జేబు మీద ఇస్త్రీపెట్టె ముద్ర, గోధుమరంగులో, అచ్చుగుద్దినట్టు పడింది.

"పోతే పోనీ! ఇంకేం రాశారు? చదువు, చదువు!"

నేను కిందికి చూశాను. అక్కడ ఇంకా నాలుగు లైన్లున్నాయి.

'మీరు పంపిన వీడియోలో నత్తను ఆడించిన తీరు మాకందరికీ నచ్చింది. అయితే మీ జాబితాలో ఆ నత్త లేదు. పొరపాటా, కావాలని మార్చారా? ఆదివారం మధ్యాహ్నం పన్నెండులోపు జోడీలో ఇద్దరూ వచ్చి జాబితా మీద సంతకం చేయాలి. తర్వాత మార్పులుండవు.'

"ఇంకేం లేదు," అన్నాను. "అంతే."

ఆవిడ ఈల వేసుకుంటూ వేరే యూనిఫాం తీసింది. నేను బాత్‌రూములోకెళ్లి తోమిన పళ్ళనే మళ్ళీ తోముకున్నాను.

సంగతేంటో చెప్తాను, చెప్పక తప్పదు కాబట్టి.

నాది కళ్ళజోళ్ళ షాపులో పని. చూపు పరీక్ష చేసి, అద్దాలు అరగదీసి, ఫ్రేములో బిగిస్తాను. ఖాళీ దొరికితే రాక్షసుల ఆట ఆడతాను. పదేళ్ళుగా ఆడుతున్నాను. రకరకాల రాక్షసుల్ని పట్టి, పెంచి, అందులోంచి ఆరింటిని ఎంచి జట్టు కట్టి ఎదుటివాళ్ళ ఆరింటితో కొట్లాడించడం, అదీ ఆట. ఆదివారాలు సైకిల్ రిపేరు షాపు మీదున్న గదిలో మా క్లబ్బు కూడుతుంది. అక్కడ నన్ను ప్రొఫెసర్ అంటారు. ఆ పేరు విని నేను కొంచెం ఎక్కువే ఉబ్బిపోయాను లెండి.

ఆవిడ ఆసుపత్రిలో నర్సు. ఊరంతా సిస్టర్ అంటారు, నేనొక్కణ్ణే అనకూడదు. వార్డులో ఎవరికి ఏ డ్యూటీయో చార్టు వేసేది తనే కాబట్టి చార్టురాణీ అంటాను. మొదటిసారి మా షాపుకి కళ్ళజోడు కోసమే వచ్చింది. నేనిచ్చిన జోడు పెట్టుకుని, "గోడ వంకరగా కనపడుతోందండీ," అంది.

"అలవాటవుతుందండీ."

"గోడ అలవాటవ్వాలా, వంకర అలవాటవ్వాలా?"

పది నిమిషాలు వాదించాను. తీరా చూస్తే అద్దం తిప్పి బిగించింది నేనే. ఆవిడ చెప్పిందే నిజం. ఆ రోజే బుద్ధి తెచ్చుకోవలసింది. బుద్ధికి బదులు ఫోన్ నెంబరు తెచ్చుకున్నాను.

పెళ్లి కుదిరాక తనకి ఆట నేర్పాను. నా జట్టు చూసి మొహం చిట్లించింది.

"ఆరుగురూ కొట్టేవాళ్ళేనా?"

"కొడితేనే కదా గెలిచేది!"

"పెళ్ళిలో ఆరుగురూ పెళ్ళికొడుకులైతే వడ్డించేదెవరు ప్రొఫెసర్‌గారూ? వార్డులో ఆరుగురూ సర్జన్లే ఉంటే పేషెంటుకి మంచినీళ్ళెవరిస్తారు?"

డ్యూటీ చార్టు కాగితం ఒకటి తిరగేసి ఆరు గళ్ళు గీసింది. కొట్టడానికి ఇద్దరు: తన పిడుగు, నా కొరివి. కొరివి అంటే నేను పదేళ్ళు పెంచిన నిప్పు డ్రాగను. అడ్డం నిలబడి దెబ్బలు కాయడానికి ఒక బండ తాబేలు. ఎదుటివాళ్ళని నిద్రపుచ్చడానికి ఒకటి. వాళ్ళ వేగం తగ్గించడానికి ఒకటి. ఆరో గడిలో ఒక నత్త. దానికి తను పెట్టుకున్న పేరు నాయనమ్మ.

నాయనమ్మ ఎవర్నీ కొట్టదు. పక్కన ఆడేవాడికి తన ప్రాణంలోంచే కొంచెం కొంచెం పోస్తూ కూర్చుంటుంది. పదేళ్ళలో దాన్ని జట్టులో పెట్టుకున్న మనిషిని నేను చూడలేదు.

జోడీల పోటీకి ఆ జట్టుతోనే ఒక ఆట ఆడి వీడియో తీశాం. జాబితా నింపి పంపే పని నాకిచ్చింది.

పంపే ముందు ఆదివారం క్లబ్బులో ఆ కాగితం చూపించాను. మా క్లబ్బులో కత్తెర అని ఒకడున్నాడు, జుట్టు కత్తిరించడం వాడి వృత్తి, మాట కత్తిరించడం వాడి సరదా. కాగితం లాక్కుని చదివాడు.

"ఏరా ప్రొఫెసరూ, పెళ్ళయిన నెల్లాళ్ళకే నత్త నడక నేర్చావా?"

గదంతా గొల్లుమంది.

"మా ఆవిడ ముచ్చట్రా," అన్నాను. "పంపేముందు తీసేస్తాలే."

అని, అందరికంటే గట్టిగా నేనే నవ్వాను.

అక్కడే కూర్చుని, వాళ్ళందరూ చూస్తుండగా నాయనమ్మ పేరు కొట్టేసి చిచ్చు అనే నిప్పుపులి పేరు రాసి పంపాను. వీడియోలో నత్త ఉందన్న సంగతి ఆ ఊపులో బుర్రకి తట్టలేదు. ప్రొఫెసర్ని మరి!

ఇదీ నేను చేసిన నిర్వాకం.

ఆ శనివారం షాపులో నా చేతులు నా మాట వినలేదు. రిటైరైన లెక్కల మాస్టారొకాయన కొత్త జోడు పెట్టుకుని, గడియారం కేసి చూసి, "ఏమయ్యా, ఎడమదాంట్లో కుడిది బిగించావా?" అన్నారు. సారీ చెప్పి విప్పుతుంటే, "ఒంట్లో బాలేదా?" అని ఆయనే జాలిపడ్డారు. దాంతో ఇంకా సిగ్గేసింది.

ఒక ఉపాయం కూడా తట్టింది. ఉపాయం అంటే అబద్ధం. 'టైపు చేయడంలో పొరపాటు జరిగిందిట, రేపు వెళ్ళి సరిచేద్దాం' అని చెప్తే సరి. ఆవిడ నమ్ముతుంది. నత్త జట్టులోకొస్తుంది. ఎవరికీ ఏ నొప్పీ ఉండదు. మధ్యాహ్నానికల్లా ఆ వాక్యాన్ని రెండుమూడు రకాలుగా బట్టీపట్టాను.

అప్పుడు అత్తగారు ఫోన్ చేశారు.

"బాబూ, గెలిచారటగా!"

"గెలవలేదత్తయ్యా, పోటీకి ఎంపికయ్యాం, అంతే."

"ఏదో ఒకటిలే. అది డ్యూటీ మధ్యలో ఫోన్ చేసి ఒకటే అరుపులు. దాని నత్తని కూడా లెక్కలోకి తీసుకున్నారటగా?"

నేను చేతిలో ఉన్న ఫ్రేముని మరోసారి తుడిచాను.

"చిన్నప్పట్నించీ అది ఏం చెప్పినా ఇంట్లో వాళ్ళన్నయ్య మాటే చెల్లేది బాబూ. నేనూ వాడికే వంత పాడేదాన్ని, ఏం దాచను. 'అమ్మా, నేను రాసిన కాగితం రాసినట్టే పంపాడే' అని చెప్తుంటే నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. మీరు చల్లగా ఉండాలి."

"అత్తయ్యా, కస్టమరొచ్చారు," అన్నాను. షాపులో పురుగు కూడా లేదు.

బట్టీపట్టిన వాక్యం ఇక పనికిరాదని తేలిపోయింది. చూపు పరీక్ష చేసే కుర్చీలో నేనే కూర్చున్నాను. ఎదురుగా అద్దంలో నా మొహం చూడబుద్ధి కాక లైటార్పేశాను.

సాయంత్రం ఆసుపత్రి గేటు దగ్గర నిలబడ్డాను. వాన మొదలైంది. ఆవిడ బయటికొచ్చి, నా చేతిలో గొడుగు చూసి, పరిగెత్తుకొచ్చి దాని కిందకి దూరింది.

"అబ్బో! కళ్ళజోళ్ళ షాపు కట్టేసి మరీ వచ్చావే! ఏంటి విశేషం?"

"ఒక మాట చెప్పాలి."

"చెప్పు. ఆగు, ముందు నేను చెప్తా. మా పెద్ద డాక్టరుగారు నాయనమ్మ ఫోటో చూపించమన్నారు!"

"నాయనమ్మ జాబితాలో లేదు," అన్నాను. "నేను తీసేశాను. పొద్దున్న మెసేజీలో ఆ సంగతీ రాశారు. అది చదవకుండా దాచాను."

ఆవిడ నా మొహంలోకి చూసింది. వాననీళ్ళు తన కళ్ళజోడు మీద, నేను చేసిన అద్దాల మీద, గీతలుగా జారుతున్నాయి.

"ఎప్పుడు తీసేశావ్?"

"పంపిన రోజే. క్లబ్బులో."

"ఎందుకు?"

"కత్తెర నవ్వాడు. అందరూ నవ్వారు."

"నువ్వో?"

టైపు పొరపాటు అనడానికి ఇంకా వీలుంది కాబోలు, నాలుక ఒక్క క్షణం ఆగింది.

"నేను కూడా. అందరికంటే ఎక్కువ."

ఆవిడ గొడుగు కిందినించి బయటికి నడిచింది. నేను గొడుగు చాపి వెనకే పరిగెత్తాను. నా గొడుగు తనకి అందలేదు, నాకు అక్కర్లేకపోయింది. బస్టాపులో నిలబడ్డ ఒక పెద్దావిడ, "ముందు నువ్వన్నా తడవకుండా ఉండు నాయనా," అంది.

ఇంటికొచ్చి ఆవిడ తల తుడుచుకుంది. మగ్గులోంచి తన బ్రష్షు తీసి వేరే గ్లాసులో పెట్టింది. చిన్న పనే. నా ప్రాణం మాత్రం విలవిల్లాడిపోయింది.

తర్వాత టేబుల్ ముందు కూర్చుని అంది:

"చార్టు మీద పేరు ఎవరైనా మార్చమనొచ్చు. నేను మారుస్తాను కూడా. కానీ నాకు చెప్పకుండా పేరు కొట్టేస్తే ఏమవుతుందో తెలుసా? ఆ మనిషి వచ్చిందనుకుని నేను నిశ్చింతగా ఉంటాను. అక్కడ మంచం పక్కన ఎవరూ ఉండరు."

"తెలుసు."

"తెలీదు. తెలిస్తే చెయ్యవు. నత్త పోతే పోయింది. పొద్దున్నించి నలభైమందికి చెప్పుకున్నాను, మా ఆయన నా మాట విన్నాడని."

"సారీ," అన్నాను. అంత చిన్న మాట నేనెప్పుడూ అనలేదు.

ఆవిడ టవలు మడిచి పక్కన పెట్టి అడిగింది. "నిజం చెప్పు. వాళ్ళు నవ్వారనేనా, ఆ నత్తతో నీకు నిజంగా ఏమైనా ఇబ్బందుందా?"

"ఉంది," అన్నాను భయంభయంగా. "విషం. ఎవడైనా విషం చిమ్మాడంటే నాయనమ్మ రెండు వంతుల్లో పోతుంది. దాన్ని నమ్ముకున్నవాడూ పోతాడు."

"ఇది మొదట్నించీ తెలుసా?"

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే నువ్వు వాదిస్తావని."

"వాదిస్తాను! వాదించి, వింటాను కూడా!" అని టేబుల్ మీద చరిచింది. "ఎక్కడ ఆ ఆట మెషీను? తీయ్. ఆడి చూద్దాం."

నాయనమ్మని తిరిగి కూర్చోబెట్టి, ముక్కూ మొహం తెలియని జోడీలతో ఆన్‌లైన్లో రెండు ఆటలాడాం. రెండూ ఓడిపోయాం. రెండోదాంట్లో నేను చెప్పినట్టే విషం తగిలి నాయనమ్మ కూలిపోయింది. అది చూసి నాకు సంతోషం కలగకపోవడం నాకే వింతగా అనిపించింది.

ఆవిడ పెన్సిలు చెవి వెనక దోపుకుంది. "విషం కడిగేవాళ్ళు కావాలి. ఎవరున్నారు?"

"వానకప్ప. పెద్ద బలం లేదు, కానీ అది ఉంటే జట్టు మొత్తానికి విషం దిగిపోతుంది."

"దానికి చోటేది? ఎవర్ని తీద్దాం?"

ఆరు గళ్ళ కాగితం నా ముందుకి జరిపింది. పెన్సిలు కూడా ఇచ్చింది. కొట్టేవాళ్ళు ఇద్దరున్నారు. తన పిడుగు వేగం నా కొరివికి లేదు. అంకెలు తెలిసినవాడికి అందులో అనుమానమేం లేదు. కాకపోతే పదేళ్ళు పెంచాను.

కొరివి పేరు నేనే కొట్టేశాను. ఈసారి తను చూస్తుండగా.

"కొట్టేది ఒక్క పిడుగేగా, చాలా?" అంది ఆవిడ, గొంతు కాస్త మెత్తబడి.

"నాయనమ్మ పక్కనున్నంతసేపూ పిడుగు చావదు. చావనివాడు ఒక్కడు చాలు."

"ఆహా! ఈ మాట క్లబ్బులో అనుంటే ఎంత బావుండేది!"

మళ్ళీ మూడాటలు ఆడాం. వరసగా మూడూ గెలిచాం. చివరిదాంట్లో నాయనమ్మ ఒక్కచుక్క ప్రాణంతో మిగిలి, ఆ చుక్క కూడా పిడుగుకి పోసింది. ఇద్దరం ఒకేసారి "అయ్యో!" అన్నాం. ఆ తర్వాత ఒకేసారి నవ్వాం. ఆవిడ తన నవ్వుని వెంటనే వెనక్కి తీసుకుంది. నా మీద కోపం ఇంకా మిగిలుందని గుర్తొచ్చినట్టుంది.

"పూర్తిగా పోలేదు," అంది.

"తెలుసు."

"కొన్నాళ్ళు ఉంటుంది."

"ఉండనీ. నేనూ ఉంటాను."

ఆవిడ లేచి, గ్లాసులోంచి బ్రష్షు తీసి మగ్గులో వేసింది. నాదానికి ఆనించలేదు, కొంచెం ఎడంగానే పెట్టింది. నాకది చాలు.

తర్వాత ఒక కొత్త చార్టు కాగితం తీసి, ఆరు పేర్లూ గుండ్రటి అక్షరాలతో రాసి, కింద తన సంతకం పెట్టి, పక్కన నాకు చోటు వదిలింది. నేను సంతకం చేశాక దాన్ని మడిచి, మాడిన యూనిఫాం జేబులో పెట్టింది.

"రేపు పదింటికి పోటీవాళ్ళ ఆఫీసు. అక్కడ పొరపాటా, మార్పా అని అడుగుతారు. ఏం చెప్తావ్?"

"పొరపాటే, నాదే అని."

"పదకొండింటికి మీ క్లబ్బు. నేనూ వస్తాను. ఆ రోజు నవ్వినవాళ్ళంతా ఉండాలి, కత్తెర తప్పకుండా ఉండాలి. నువ్వు నిలబడి ఈ ఆరు పేర్లూ పైకి చదువుతావు. నాయనమ్మ దగ్గరికొచ్చేసరికి ఆగి, అదేం చేస్తుందో వివరంగా చెప్తావు. ప్రొఫెసర్‌వి కదా!"

"వాళ్ళు నవ్వితే?"

"నవ్వనీ. నువ్వు నవ్వకు, అంతే." కిటికీలోంచి వాన చూసి, ఆవిడ లైటార్పబోతూ ఆగింది. "గొడుగు ఒకటే తీసుకెళ్దాం. నువ్వే పట్టుకోవాలి. నా వైపుకి ఎక్కువ వంచి."