ఆలిస్ గేటు దగ్గర చెప్పిన కబురు

పెల్లింగ్ ఎండ్‌లో, చర్చి వెనకాల, ఒక చిన్న కర్ర గేటు ఉంది. పొద్దు గూకాక ఆ గేటు జోలికి ఎవరూ వెళ్ళరు.

లండన్ దగ్గరి స్టీవెనేజ్ నుంచి కారులో ఇరవై నిమిషాలు. చర్చి, సమాధులు, ఒక పబ్బు, చర్చి పక్కనే ముసలివాళ్ళని చూసుకునే కేర్ హోమ్... అంతే ఊరు. గేటు దాటితే పొలం. పొలం మధ్య నుంచి కాలిబాట లండన్ రోడ్డుకి పోతుంది. పగలు ఆ బాటలో కుక్కల్ని తిప్పుతారు. సాయంత్రం అయిందంటే అదే మనుషులు అర మైలు చుట్టు తిరిగైనా సరే, తారురోడ్డు మీదే ఇళ్ళకి పోతారు.

ఎందుకంటే అక్కడ ఒక ఆడమనిషి నిలబడి ఉంటుందిట. నాలుగు వందల ఏళ్ళుగా!

పేరు ఆలిస్. ఆవిడ మొగుడు నథానియెల్ థార్న్, 1635లో ఓడెక్కి అమెరికా వెళ్ళాడు. అప్పటికి అక్కడ ఇంగ్లీషువాళ్ళ ఊళ్ళు ఇంకా లేస్తూనే ఉన్నాయి. ముందు ఇల్లు కట్టుకుని తర్వాత నీకు కబురు పెడతానన్నాడు. పెట్టలేదు. ఓడ మునిగిపోయిందని ఊళ్ళో అందరూ అనుకున్నారు. ఆవిడ మాత్రం రోజూ చీకటి పడే వేళకి ఆ గేటు దగ్గరికొచ్చి రోడ్డు వైపు చూసేదిట. చచ్చిపోయాక కూడా మానలేదంటారు.

ఈ కథ హైమావతికి ఎలా తెలుసంటే — భర్త చెప్పాడు.

రామ్మోహన్ గారు స్టీవెనేజ్‌లో విమానాల కంపెనీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఊరికే కూర్చోలేని మనిషి. పాత చర్చి రిజిస్టర్లు వెతికి ఎవరి తాతముత్తాతలు ఎవరో తేల్చే పనిలో పడ్డారు. "మన కాకినాడలో మా ముత్తాత పేరు దాటి నాకేం తెలీదు హైమా. వీళ్ళకి చూడు, ఎవడు ఎప్పుడు పుట్టాడో, ఎప్పుడు పోయాడో, అన్నీ రాసిపెట్టి ఉన్నాయి!" అని మురిసిపోయేవారు. అమెరికా నుంచి కేరల్ అనే ఆవిడ రాసింది — నథానియెల్ మా వంశానికి మూలపురుషుడు, ఆయన పుట్టిన ఊరి సంగతులు కావాలి అని. ఆ పని మీద ఏడాది తిరిగారు.

మార్చిలో ఒక మధ్యాహ్నం, రికార్డుల ఆఫీసు మెట్లు దిగుతూ పడిపోయారు. మళ్ళీ లేవలేదు.

హైమావతి జీపీ, అంటే ఫ్యామిలీ డాక్టరు. ముప్పై ఏళ్ళుగా తన క్లినిక్‌లో ఎంతమందికో ఆ కబురు తనే చెప్పింది. ఎదురుగా కూర్చోవాలి, తిప్పి తిప్పి చెప్పకూడదు, పోయారు అనే మాటే వాడాలి... జూనియర్లకి నేర్పింది కూడా. తనకి మాత్రం ఫోన్లో ఎవరో చెప్పారు. "అలాగా," అంది. అవతల పేషెంటు ఉంది. చూసి పంపించాకే బయల్దేరింది.

ఆ రోజు నుంచి అంతే. ఏడుపు రాలేదు. కొడుకు శశాంక్ బర్మింగ్‌హామ్ నుంచి వచ్చి నెల రోజులున్నాడు. "అమ్మా, ఒక్కసారి ఏడవ్వే," అని వాడే ఏడ్చాడు. ఆమెకి ఆకలి తెలియడం లేదు. చలి తెలియడం లేదు. పెదవికి మత్తు సూది వేస్తే ఎలా ఉంటుంది... మనిషంతా అలా ఉంది. రాత్రిళ్ళు సోఫాలోనే, కోటుతోనే పడుకునేది. మంచం మీదికి వెళ్ళలేదు.

ఆయన జేబులో ఒక చీటీ దొరికింది. ఆ రోజు రికార్డుల్లో చూసి రాసుకున్నది. "ఆలిస్, నథానియెల్ థార్న్ భార్య. ఖననం — జనవరి 1671."

అంటే ముప్పై ఆరేళ్ళు ఎదురుచూసిందన్నమాట.

మిగతా సగం నవంబర్లో వచ్చింది. కేరల్ మెయిలు పెట్టింది, పాత కాగితాల ఫోటోలతో. ఓడ మునగలేదు. నథానియెల్ క్షేమంగా చేరాడు. నాలుగేళ్ళకి అక్కడ మెర్సీ అనే ఆమెని పెళ్ళి చేసుకున్నాడు — మొదటి భార్య చనిపోయిందని రాయించి. ఐదుగురు పిల్లలు. 1668లో పోయాడు.

హైమావతి ఆ మెయిలు చదివి, "ఏవండీ, ఇది చూశారా," అని పైకి అనేసింది.

పక్క కుర్చీ ఖాళీగా ఉంది.

రెండు సగాలూ తెలిసిన మనిషి ఇప్పుడు తనొక్కతే. చెప్పడానికి ఎవరూ లేరు.

కేరల్ చివరగా ఒకటే అడిగింది, ఆ గేటు ఫోటో కావాలని. ఆయన పని సగంలో వదలడం ఇష్టం లేక హైమావతి గురువారం క్లినిక్ అయ్యాక బయల్దేరింది. చేరేసరికి మూడున్నర; నవంబరులో అక్కడ నాలుగింటికే చీకటి. ముందు ఆలిస్ సమాధి కోసం వెతికింది. దొరకలేదు. బీదవాళ్ళకి ఆ రోజుల్లో రాళ్ళెక్కడివి? చర్చి తాళం వేస్తున్న ఒక ముసలావిడ ఆమెని చూసి ఆగింది.

"చీకటి పడుతోంది. ఆ గేటు వైపు వెళ్ళకమ్మా."

"ఒక్క ఫోటో తీసుకుని వెళ్ళిపోతాను."

ఆవిడ గేటు వైపు ఒకసారి చూసింది. గబగబా వెళ్ళిపోయింది.

నవంబరు చీకటి మీకు తెలిసిందే. వస్తున్నానని చెప్పదు. హైమావతి గేటు దగ్గరికి చేరేసరికి ఫోన్లో ఫోటో నల్లగా వచ్చింది. మళ్ళీ తీసింది. మళ్ళీ నలుపే. సన్నగా జల్లు మొదలైంది. మెడ చుట్టూ ఉన్న తెల్ల శాలువా తల మీదికి లాక్కుంది.

ఇక వెళ్ళిపోవచ్చు. కానీ కాళ్ళు కదల్లేదు. వెళ్తే ఆ ఇంటికే కదా వెళ్ళాలి... పొలం వైపు చూస్తూ అలాగే నిలబడింది. పావుగంటో, అరగంటో.

అప్పుడు — వెనక నుంచి ఒక గొంతు.

"ఇంకా రాలేదా?"

గుసగుసలాంటి గొంతు. ఆడగొంతు.

హైమావతి మెల్లగా తిరిగింది. గేటు ఇప్పుడు ఆమె వీపు వెనక ఉంది. ఎదురుగా, సమాధుల మధ్య, నాలుగడుగుల దూరంలో... ఒక ఆకారం. తెల్ల జుట్టు, విరబోసుకుని. పాదాల దాకా బట్టలు. చేతిలో లైటు లేదు. అడుగుల చప్పుడు కూడా వినపడలేదు.

ఒళ్ళు జల్లుమనాలి. గుండె ఆగిపోవాలి. ఏమీ కాలేదు. "ఓహో, ఈవిడేనన్నమాట," అనుకుంది హైమావతి, అంతే. భయం కూడా రాని మనిషినైపోయానా అని ఒక్క క్షణం తనమీద తనకే జాలేసింది.

"రాలేదు," అంది. తర్వాత, పేషెంట్లకి చెప్పే గొంతుతో, "రాడమ్మా," అంది.

ఆ ఆకారం ఒక అడుగు దగ్గరికి వచ్చింది.

"ఓడ మునిగిపోయిందా?"

"లేదు. క్షేమంగానే చేరింది."

"మరి...?"

చెప్పాలా? నాలుగు వందల ఏళ్ళ తర్వాత చెప్పాలా? కానీ ముప్పై ఏళ్ళ అలవాటు. తిప్పి తిప్పి చెప్పకూడదు.

"అక్కడ ఇంకో ఆమెని పెళ్ళి చేసుకున్నాడు. మొదటి భార్య పోయిందని రాయించాడు. ఐదుగురు పిల్లలు. వెళ్ళాక ముప్పై మూడేళ్ళు బతికి, అక్కడే పోయాడు."

జల్లు శబ్దం. ఎక్కడో కాకి ఒకసారి అరిచి ఊరుకుంది.

"అయ్యో," అంది ఆ గొంతు. "ఎంత పని చేశాడు!... ఇదంతా నీకు తెలుసా?"

"ఈ మధ్యే తెలిసింది."

"తెలిసి కూడా ఇంకా ఇక్కడెందుకు నిలబడ్డావు?"

ఈ ప్రశ్న హైమావతి ఊహించలేదు. నోరు తెరిచింది. జవాబు దానంతటదే వచ్చింది.

"ఎక్కడికి వెళ్ళాలో తెలియడం లేదు."

ఆ ఆకారం చెయ్యి చాపింది. సన్నటి వేళ్ళు హైమావతి చేతి మీద పడ్డాయి. ఆమె చేతులు అప్పటికే మొద్దుబారి ఉన్నాయి. ఆ వేళ్ళు చల్లగా ఉన్నాయో, వెచ్చగా ఉన్నాయో... తెలియలేదు.

"ఇంటికి వెళ్ళు తల్లీ. ఇంక ఎవరూ రారు. చలిగా ఉంది, వెళ్ళు."

అంతే. వెనక్కి తిరిగింది. పొద దగ్గర చీకట్లో కలిసిపోయింది.

హైమావతి కారు దాకా ఎలా నడిచిందో ఆమెకే గుర్తు లేదు. ఇంటికొచ్చింది. హీటింగ్ వేసింది. అన్నం వండుకుని, ఆవకాయ కలుపుకుని తింది. మంచం దుప్పటి మార్చి, ఎనిమిది నెలల తర్వాత ఆ మంచం మీద పడుకుంది. పొద్దున లేచి చూస్తే దిండు తడిసి ఉంది.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే నమ్మేదెవరు?

ఆదివారం స్టీవెనేజ్ తెలుగువాళ్ళ కార్తీక వనభోజనాలు. వనమంటే కౌన్సిల్ హాలే, బయట వాన. హైమావతి ఒక మూల పులిహోర ప్లేటుతో కూర్చుంది. పక్క కుర్చీలో శ్రీజ అనే అమ్మాయి నలుగురిని చుట్టూ కూర్చోబెట్టుకుని చెబుతోంది. కరీంనగర్ పిల్ల. ఏడాదిగా పెల్లింగ్ ఎండ్ కేర్ హోమ్‌లో పని చేస్తోంది.

"మా హోమ్‌ల ఎడిత్ అని ఒక మామ్మ ఉంటది. తొంభై రెండేండ్లు. ఆ ఊరి బడిల నలభై ఏండ్లు పంతులమ్మ. బుర్ర పాదరసమే! కండ్లే జర మసక. మొన్న గురువారం పొద్దుగూకంగ కిటికీలకెల్లి చూసిందట — గేటు కాడ దెయ్యం! తెల్లగ, తల మీద ముసుగు. మేమంతా డ్యూటీల రోటా గొడవల ఉన్నం. ఈమె నైటీ మీద కోటేసుకుని, ఇంట్ల తొడిగే మెత్తటి చెప్పుల్తోని, తోట వెనక పొద సందుల నుంచి పోయింది!"

"భయం వెయ్యలేదా?" అన్నారెవరో.

"అదే అడిగిన. 'నలభై ఏండ్లు పిల్లలకు ఆమె కథ చెప్పిన. కనబడితే పలకరియ్యకుంటె ఎట్ల?' అన్నది. పోయి మాట్లాడిందట కూడా! ఓడ మునగలేదట, మొగడు ఇంకో పెండ్లి చేసుకున్నడట, ఐదుగురు పిల్లలట. గవన్నీ దెయ్యమే చెప్పిందట! పాపం, ఇంటికి పొమ్మని పంపిన అంటది. ఊరంత ఇదే ముచ్చట."

హైమావతి ప్లేటు పక్కన పెట్టేసింది.

అందరూ లేచి పాయసం దగ్గరికి వెళ్ళేదాకా ఆగింది. శ్రీజ మోచెయ్యి పట్టుకుని దగ్గరికి లాగింది.

"శ్రీజా... ఆ దెయ్యం నేనేనమ్మా."

"ఏంది ఆంటీ?"

మొత్తం చెప్పింది. శాలువా, ఫోటో, కేరల్ మెయిలు — అన్నీ. నేను ఆవిడని ఆలిస్ అనుకున్నాను, ఆవిడ నన్ను అనుకుంది అని. శ్రీజ కళ్ళు పెద్దవి చేసి విన్నది. తర్వాత నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు. ఆ నవ్వు చూసి హైమావతికి కూడా వచ్చింది. మార్చి నుంచి మొదటిసారి. కడుపు పట్టుకుని, కళ్ళ నీళ్ళు కారేలా నవ్వింది. పాయసం క్యూలోవాళ్ళు తిరిగి చూశారు.

"అయ్యో డాక్టరాంటీ, మిమ్మల్నా!" శ్రీజ కళ్ళు తుడుచుకుంది. "మరి మీ ఎంబడి వచ్చిందెవరు? చెప్తే ఆమె ముచ్చట గూడ మామ్మకు చెప్త."

"నా వెంట ఎవరూ రాలేదే. ఒక్కదాన్నే వెళ్ళాను."

"గట్లెట్ల ఆంటీ... ఇద్దరు ఆడోళ్ళన్నది మామ్మ."

శ్రీజ ముఖంలో నవ్వు మెల్లగా ఆగిపోయింది.

"శాలువా కప్పుకున్నామె మాట్లాడిందట. ఇంకొకామె ఆమె ఎనక, గేటు అవతల, దాని కట్టె పట్టుకుని నిలబడి మొత్తం ఇన్నదట. మాట్లాడలే. ఇంకో పెండ్లి అనంగనే... రెండు చేతులతోని మొఖం కప్పుకున్నదట."