ఒకేలా ఉన్న రెండు నాణేలు

మధ్యాహ్నం క్లాసులో తిప్పేశ్ కుదురుగా కూర్చోలేకపోతున్నాడు. మాటిమాటికీ నిక్కరు జేబు తడుముకుంటున్నాడు. జేబులో రెండు పాత రోమన్ నాణేలు మరి! పొద్దున్నే పార్సిల్‌లో వచ్చాయి.

అక్క చేత ఫోన్‌లో ఆర్డర్ పెట్టించింది వాడే. ఒకటి తనకు, ఇంకొకటి పక్కింటి ధనుశ్రీకి. ఆ పిల్ల ఊరి బయట సోలార్ ప్లాంటు కంచె పక్క వేరుశనగ చేలల్లో, పంట పీకాక మిగిలిన చెనక్కాయలు ఏరి అమ్మి, తన వాటా ఇచ్చింది. ఎండలో వంగి కాయలు ఏరడమంటే మాటలా!

ఎంచుకున్నది మాత్రం తిప్పేశే. "అచ్చం ఒకేలా ఉన్న జత" అని రాసి ఉన్నవే కావాలన్నాడు. వాళ్ల నాన్న ఓబన్న సంతలో ఎద్దులను అలాగే కొంటాడు. కొమ్ములు, రంగు, ఎత్తు కలిస్తేనే మంచి జత. నాణేలకైనా అంతే కదా అనుకున్నాడు మన తెలివైనవాడు!

"మిస్, అప్పుట్లో రోమ్‌లో నాణేలు ఎట్ల చేసినారు?" అని గొప్పగా అడిగాడు.

"వెండి బిళ్లను అచ్చుల మధ్య పెట్టి సుత్తితో కొట్టేవాళ్లు," అన్నారు ప్రతిమ మిస్. "చేతి దెబ్బ కదా, బొమ్మ ఒకసారి ఇటు జరుగుతుంది, ఒకసారి అటు. అందుకే ఏ రెండూ అచ్చం ఒకేలా ఉండవు. రెండింటి మీదా ఒకే చోట ఒకే గాటు ఉందా, ఒకే మూసలో పోసిన దొంగ నాణేలే!"

తిప్పేశ్ గుండె గుభేలుమంది.

బడి వదలగానే గోడ వెనక్కి పరుగెత్తి నాణేలు బయటికి తీశాడు. ఒకదాని మీద రాజు బొమ్మ ముక్కు కింద చిన్న గాటు. రెండోదాని మీదా అక్కడే. అంచున సన్నని పగులు. రెండోదానికీ అంతే పగులు. అయ్యో దేవుడా!

ఒక్కటే చూస్తే ఎవరికి తెలుస్తుంది? ధనుశ్రీది వేరే క్లాసు, ఈ పాఠం విననే లేదు. ఒకటి ఆమెకిచ్చి, రెండోది దాచేస్తే సరి!

అంతలో ధనుశ్రీ రానే వచ్చింది. "వచ్చినాయంట కదప్పా! నాది యాడ? మాయమ్మకు చూపించల్ల."

తిప్పేశ్ ఒక నాణెం తీసి ఇచ్చాడు.

"అబ్బా, ఎంత బాగుండాది!" అంటూ దాన్ని చెంపకు ఆనించుకుని, ఎగురుకుంటూ ఇంటి దారి పట్టింది.

తిప్పేశ్ ఆమె వెనకే రెండడుగులు వేశాడు, ఆగాడు. చచ్చేంత సిగ్గేసింది.

"ధనూ! నిలబడు మే!"

వాళ్ల వాకిలి ముందు ఆమెను అందుకుని, రెండో నాణెం కూడా ఆమె అరచేతిలో పెట్టాడు.

"ఈ ముక్కు కింద చూడు. ఇప్పుడు దీంట్లో చూడు. ఒకే చోట ఒకే గాటుంటే మూసలో పోసినవంట, మిస్ చెప్పినారు."

ధనుశ్రీ చూసింది. మళ్లీ చూసింది. ముఖం వాడిపోయింది. "అంటే... ఇవి దొంగవా?"

"ఊఁ. జతే కావల్లని మొండికేసింది నేనే. తెలిసీ నీకిచ్చేసినా, తప్పయిపోయిండాది."

"మాయమ్మకు ఇప్పుడు ఏం చెప్పల్ల?" ధనుశ్రీ కళ్లలో నీళ్లు తిరిగాయి.

తిప్పేశ్ ఆమె కంటే ముందు వెళ్లి, వాళ్లమ్మ కోసం తలుపు తట్టాడు.

"హొన్నూరమ్మత్తా! ఒక తూరి బయటికి రా. నీకు నేనొకటి చెప్పల్ల."