గొంతు దించి చదువు

ఆమె అన్నిటికంటే ఎక్కువగా భయపడేది ఒక్కదానికే. భర్త ఈసారి కూడా సర్కారు ఉద్యోగ పరీక్ష తప్పితే, దానికి కారణం తానేనని ఆయనకు తెలిసిపోతుందేమోనని! ఈసారితో ఆయనకు వయసు దాటిపోతుంది. ఇక ఏ ఆఫీసూ ఆయన దరఖాస్తు తీసుకోదు. ఆ తర్వాత బతుకంతా ఈ ఇస్త్రీ బల్ల, ఈ ఆవిరి, ఈ ఇరుకు గది... ఆ గదిలో మొహమొహాలు చూసుకుంటూ తామిద్దరూ!

వీధి వైపున్న ముందు గదే వాళ్ళ కొట్టు. గోడ పొడవునా బల్ల, బల్ల మీద దుప్పటి మడత, ఒకపక్క ముడతల బట్టల మూటలు, ఇంకోపక్క మడత నలగని చొక్కాలు. మధ్యలో మిగిలిన జానెడు చోట పీట వేసుకుని, పాపను ఒళ్ళో పెట్టుకుని, ఆమె లెక్కల పుస్తకం పైకి చదివేది. ఆయన చేతులకు ఖాళీ ఎక్కడిది! ఒకసారి పుస్తకం చూస్తూ రుద్దబోయి ఎవరిదో కొత్త చొక్కా కాలర్ మాడ్చిపెట్టాడు. అప్పటినుంచీ ఇదే పద్ధతి. ఆమె ప్రశ్నా, దాని కింది నాలుగు జవాబులూ చదవాలి, ఆయన రుద్దుతూనే సరైనది చెప్పాలి. ఆమెకు లెక్కలు రావు. పదో తరగతి మధ్యలో అమ్మ మంచం పడితే బడి మానేసింది, మళ్ళీ ఆ గడప తొక్కలేదు. అయినా ఏది సరైన జవాబో ఆమెకు ఎప్పుడూ తెలుసు. ఆ పుస్తకం పాత పుస్తకాల కొట్లో కొన్నది. ఇదివరకు చదువుకున్నవాడెవడో సరైన జవాబులన్నిటికీ ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టేసి వెళ్ళాడు.

"అవి చూసి నాకు అందించేవు సుమా!" అని ఆయన మొదటిరోజే నవ్వాడు.

"నేనెందుకు అందిస్తానండీ!" అంది. నిజంగానే ఏనాడూ అందించలేదు.

రైళ్ళూ ప్లాట్‌ఫారాలూ, తండ్రీకొడుకుల వయసులూ, ఏటికి ఎదురీదే పడవలూ... ఏది చదివినా ఆయన నాలుగో జవాబు పూర్తయ్యేలోపే టక్కున చెప్పేసేవాడు. బట్టలు తెచ్చినవాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టేవారు. "లెక్కల మాస్టారూ, ఆఫీసరయ్యాక మా ప్యాంట్లు ఎవరు రుద్దుతారయ్యా?" అని వేళాకోళమాడేవారు. మరి ఇంట్లో ఇంత బాగా చెప్పే మనిషి, పరీక్ష హాల్లో ఎందుకు బోల్తాపడుతున్నాడు? ప్రతిసారీ వాడిపోయిన మొహంతో తిరిగొచ్చి, "ఏమైందో తెలీదే... అన్నీ తెలిసినట్టే ఉన్నాయి, ఏదీ తెలియలేదు" అనేవాడు. దిష్టి తగిలిందనుకునేది పిచ్చితల్లి!

రుద్దిన బట్టలు ఇళ్ళకు చేరవేసేది అత్తగారు. ఒక మధ్యాహ్నం ఆవిడ మూట దించి, మంచినీళ్ళు తాగుతూ కాసేపు విని, కోడల్ని వంటింట్లోకి పిలిచింది.

"అమ్మాయ్, నాకు అక్షరమ్ముక్క రాదు కదా! వాడు ఏం చెప్తాడో నాకు ముందే తెలిసిపోతోందే!"

"ఎలా అత్తయ్యా?"

"ఎలాగేంటి, నీ గొంతే చెప్తోందిగా! మూడు జవాబులు విడిచిన బట్టలు లెక్కపెట్టినట్టు చదువుతావు. ఒక్కటి మాత్రం పాపను ముద్దాడినట్టు చదువుతావు."

కాదు, అయ్యుండదు... దేవుడా, కాకూడదు! మర్నాడు పొద్దున్నే ఆమె పుస్తకం తెరిచింది. కావాలనే, గుండె రాయి చేసుకుని చదివింది. "ఒక పనిని ఒకడు పన్నెండు రోజుల్లో చేస్తాడు, ఇంకొకడు ఆరు రోజుల్లో చేస్తాడు. ఇద్దరూ కలిసి చేస్తే ఎన్ని రోజులు? మూడు, నాలుగు, ఆరు..." ఎర్ర సున్నా నాలుగు చుట్టూ ఉంది. ఆమె దాన్ని పొడిగా దాటేసి, చివరిదాని దగ్గర గొంతు తీయగా లేపింది. "తొమ్మిది!"

"తొమ్మిది," అన్నాడాయన, చొక్కా చెయ్యి తిప్పుతూ.

గుమ్మంలో ఉన్న అత్తగారు పకాలున నవ్వింది. "ఒరేయ్, ఒక్కడే ఆరు రోజుల్లో చేసే పనికి ఇంకొకడు తోడొస్తే తొమ్మిదా? ఆ తోడొచ్చినవాడు నీలాంటివాడే అయ్యుంటాడు!"

"తొందరలో అనేశానమ్మా. ఇంకోటి చదవవే."

ఇంకోటి చదివింది. దానికీ తప్పు జవాబు దగ్గరే గొంతు లేపింది, ఆయన దాన్నే పట్టుకున్నాడు. ఆ తర్వాతదీ అంతే! ఆయన నవ్వుతూనే ఉన్నాడు. ఆమె కళ్ళలో మాత్రం అక్షరాలు అలుక్కుపోయాయి. ఇన్నేళ్ళూ ఆయన గెలవాలని కడుపులో ఎంత ఆశపడిందో, ఆ ఆశే గొంతులోకి ఎక్కి జవాబు మోసుకొచ్చింది! హాల్లో కాగితం పలకదు. అక్కడ ఆయన ఒంటరివాడు!

"చెప్పకు," అంది అత్తగారు వంటింట్లో, చెయ్యి గట్టిగా పట్టుకుని. "పరీక్ష ముంచుకొచ్చింది. ఇప్పుడు చెప్తే వాడి ధైర్యం చచ్చిపోతుంది."

"చెప్పకపోతే ఆయన అలాగే వెళ్తారు కదా అత్తయ్యా... కళ్ళకు గంతలు కట్టి పంపినట్టు కాదా?"

చెప్తే ఒక చావు, చెప్పకపోతే ఇంకో చావు. ముందు గదిలోకి వస్తే ఆయన, వెనక్కి వెళ్తే అత్తగారు, ఒళ్ళో పాప... ఎటు తిరిగినా గోడే! అన్నం సయించలేదు. పాలు తాగుతున్న పాప కూడా మధ్యలో ఆగి, తల్లి మొహం వింతగా చూసేది.

చివరికి అత్తగారు మూట ఎత్తుకుని బయటికి వెళ్ళిన ఒక మధ్యాహ్నం, ఆమె తలెత్తకుండా ఆయనకు మొత్తం చెప్పేసింది. తొమ్మిది సంగతి కూడా.

ఆయన ఇస్త్రీ పెట్టెను నిలబెట్టి స్విచ్చి ఆపేశాడు. పట్టపగలు ఆయన దాన్ని ఆపడం ఆమె ఎన్నడూ చూడలేదు.

"హాల్లో కూర్చుంటే నాకేం వినబడేదో తెలుసా?" అన్నాడు. "నీ గొంతే. ప్రశ్న చదవగానే నువ్వు చదువుతున్నట్టే ఊహించుకునేవాణ్ణి. నాలుగు జవాబులూ ఒకేలా వినబడేవి. ఎందుకో అర్థమయ్యేది కాదు... ఇప్పుడర్థమైంది."

"నన్ను క్షమించండి... నేను కావాలని..."

"నీకు లెక్కలొచ్చా?"

"రావండీ..."

"నాకూ రావని తేలిపోయింది. మరి ఇన్నేళ్ళూ ఈ గదిలో లెక్కలు చేసిందెవరే?"

ఆ మాటకు ఆమె భోరుమంది! ఆయన చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. వీధిలో పిలిచినవాళ్ళకి కూడా పలకలేదు. దీపాలు పెట్టేవేళకు తిరిగొచ్చి, పెట్టె వేడెక్కించి, పీట ఆయనే వాల్చి అన్నాడు:

"కూర్చో. చదువు. గొంతు దించి చదువు."

చదివింది. "గొంతు లేచింది. మళ్ళీ," అన్నాడు. మళ్ళీ చదివింది. "ఊపిరి పీల్చావు. మళ్ళీ." ఆ ఎర్ర సున్నా దగ్గరికి రాగానే ఎంత అణచినా గొంతు పొంగేది. ఆశ పడకుండా చదవాలంటే ఎలా? ఆయన గెలవాలని కోరుకోకుండా ఆయన ముందు కూర్చోవాలంటే ఎలా? పళ్ళబిగువున నేర్చుకుంది. ప్రతి మాటా నేలకేసి రాసినట్టు, చెక్కమీద మేకు కొట్టినట్టు, రోజూ అదే సాధన. ఆయన జవాబులు ఆలస్యమయ్యాయి, సగానికి సగం తప్పాయి. బట్టలు తెచ్చినవాళ్ళు, "మాస్టారు మొద్దుబారారే!" అన్నారు. ఆయన పట్టించుకోలేదు. వేలితో బల్లమీద అంకెలు రాసుకుంటూ, పెదాలు కదుపుతూ, నెమ్మదిగా కొన్ని నిజంగానే చేయడం మొదలుపెట్టాడు. సరైనది చెప్పినప్పుడు "ఔను" అనాలని ఆమె ప్రాణం కొట్టుకునేది. అనలేదు. పేజీ తిప్పేది.

పరీక్ష అయింది. ఫలితాలొచ్చాయి. ఆయన నంబరు లేదు.

అత్తగారు తలబాదుకుని ఏడ్చింది. ఆయన ఏడవలేదు! భార్య పక్కనే పీట మీద ఇరుకుగా కూర్చుని, పాప పాదం నిమురుతూ అన్నాడు. "ఈసారి తప్పింది నేనే. నా బుర్రతో నేనే తప్పాను. నువ్వు కాదు. ఎన్నాళ్ళైందో తెలుసా, నా పని నేను చేసుకుని? నువ్వు చెప్పకపోయుంటే చచ్చేదాకా నా నుదుటి రాత అనుకుంటూనే ఉండేవాణ్ణి."

ఆమె ఆయన భుజం మీద తల వాల్చి, కరువుతీరా ఏడ్చింది. కథ ఇక్కడితో సుఖంగా ముగిసిందనే అనుకున్నారు అందరూ. ఆయన తేలికపడ్డాడు, కూనిరాగాలు తీస్తున్నాడు. "పోనీలే మాస్టారూ, మా ప్యాంట్ల అదృష్టం!" అని వీధి వీధంతా వచ్చి ఓదార్చి వెళ్ళింది.

కానీ ఆమె గొంతు మళ్ళీ లేవలేదు.

నిన్న పాపకు బొమ్మల పుస్తకం చదువుతోంది. పులి వచ్చింది, కుందేలు పరుగెత్తింది... అన్నీ ఒకే తీరు, విడిచిన బట్టలు లెక్కపెట్టినట్టు. పాప అయోమయంగా తల్లి పెదాలు పట్టుకు లాగింది. "పులొచ్చిందే, కాస్త భయపెట్టు దాన్ని!" అని బల్ల దగ్గర్నుంచి నవ్వాడాయన. ఆమె నోరు తెరిచింది. గొంతు లేపితే మళ్ళీ ఎవరికి ఏ తప్పు దారి చూపిస్తానో అన్న భయం అడ్డుపడింది. "పులి వచ్చింది," అంది, అంతే చప్పగా. ఆయన నవ్వుతూనే ఇంకో చొక్కా అందుకున్నాడు.

అక్కా, చెల్లీ, మీ వీధిలోనూ అలాంటి కొట్టొకటి ఉండే ఉంటుంది. బట్టలిచ్చేటప్పుడు ఆయన్ని అందరూ పలకరిస్తారు. మీరు ఒక్క అడుగు లోపలికి వేయండి. మూటల వెనక పీట మీద పాపతో కూర్చున్న ఆమె కనిపిస్తుంది. ఊరికే, "ఎలా ఉన్నావమ్మా?" అని అడగండి. "బాగున్నాను" అంటుంది. ఆ మాట ఎలా అందో కాస్త చెవిపెట్టి వినండి. చప్పగా అంటే వెళ్ళిపోకండి... ఆమె పక్కన కాసేపు కూర్చోండి.