మాదిరి చేయి

చేతొడుగు మణికట్టు దగ్గర బిగుసుకోగానే నాంచారమ్మకు రోజూలాగే ఒళ్ళు మండింది. ఆ మంట ఎండకో ఉక్కకో వచ్చింది కాదు. తొడుగులో ఉన్నది సుగుణ చేయి.

బల్ల మీద పిల్లల గట్టుబండి ఇంజను విప్పి ఉంది, తొంభై సీసీది. సముద్రం లంకల మధ్యకు వచ్చేశాక బడిపిల్లలు గట్టు వెంబడి తిరిగేది ఈ నాలుగు చక్రాల బండ్ల మీదే. దీన్ని నడిపే పిల్లకు పదకొండేళ్ళు. ఇంజనులో తిరిగే ఇరుసు, క్రాంకు, అరిగిపోయి మొన్న నడిగట్టు మీద బండి గజగజలాడి ఆగింది. రెండు పక్కలా పోటు నీళ్ళు. పిల్ల అదృష్టం కొద్దీ బయటపడింది.

పిస్టనును క్రాంకుకు కలిపే పాత కన్రాడ్డునూ దాని పిన్నునూ ప్రెస్సు మీద తోసి తీసి, కొత్తవి ఎక్కించడం వరకూ తొడుగే చేయించింది. ఎక్కడ పట్టాలో, పిడి ఎప్పుడు వదలాలో సుగుణ చేతి నుంచి ఎక్కించినదంతా అందులో నిలవ ఉంది. నలభై షెడ్లలో నాలుగు వందల మంది చేతులు ఇలా సుగుణ చేయిలాగే కదులుతాయి. పనిముట్టు అందుకునే ముందు సుగుణలాగే బొటనవేలిని చూపుడువేలికి రెండుసార్లు రుద్దుకుంటాయి. అలా రుద్దినప్పుడల్లా నాంచారమ్మ పళ్ళు నూరుకునేది.

ఇద్దరూ ఖాసిం మేస్త్రి దగ్గర పని నేర్చుకున్నవాళ్ళే. పదకొండేళ్ళ కిందట, అన్ని తొడుగుల్లోకీ ఎక్కించే మాదిరి చేయి కోసం పరీక్ష పెడితే సుగుణ సరిచేసిన క్రాంకు ఒక గీత తేడాతో తిరిగింది, నాంచారమ్మది రెండు. గీత అంటే మిల్లీమీటరులో నూరో వంతు. మేస్త్రి తన రాగి సుత్తిని సుగుణకు ఇచ్చాడు. ఎంపిక పట్టీలో నాంచారమ్మ పేరు ఇప్పటికీ రెండోదే. సుగుణ మంచాన పడితే బాగుండునని అనుకున్న రోజులు ఉన్నాయి. అనుకున్నందుకు సిగ్గుపడిన రోజులు తక్కువ.

ఇక పిన్నుకు అటూ ఇటూ ఉన్న క్రాంకు చక్రాలు రెంటినీ ఒకే వరసకు తేవాలి. దిమ్మల మీద పెట్టి తిప్పితే వంకర కొలిచే డయల్ ముల్లు ఎనిమిది గీతలు ఆడింది. రెండు దాటితే బండిని గట్టు మీదికి పంపరు. ఏ రెండు క్రాంకులూ ఒకలా వంకరపోవు కాబట్టి ఇక్కడ నిలవ చేయి చాలదు. బల్ల మీది పెట్టె బందరులో ఉన్న సుగుణను పిలిచింది. ఆమె చేయి ప్రాణంతో తొడుగులోకి దిగింది; అక్కడ అది ఎలా కదిలితే ఇక్కడ తొడుగు అలా కదులుతుంది.

"ఎవరు, నాంచారీ?" పెట్టెలోంచి అడిగింది సుగుణ.

"ఆఁ. ఎనిమిది గీతలు. కుడి చక్రం ఎత్తుగా ఉంది."

"ఎత్తి పట్టుకో."

ఎడమ చేయి క్రాంకును పట్టుకుంది, కుడిచేయి సుత్తిని లేపింది. సుత్తి వణికింది. దెబ్బ రెండు వేళ్ళ ఎడంగా పడింది. తిప్పి చూస్తే పదకొండు గీతలు.

"ఎన్నాళ్ళ నుంచే ఇది?" నాంచారమ్మ గొంతు తగ్గించి అడిగింది.

సుగుణ దాచలేదు. "ఉగాది నుంచి. ఇప్పటిదాకా ఎట్టాగో నెట్టుకొచ్చా. వణుకని పెట్టెలో రాసెయ్. రాయొద్దని నేను అడగను."

'చేయి తీరు?' పెట్టె ఎప్పటిలాగే అడిగింది. కింద రెండు మీటలు: నిలకడ, వణుకు. 'వణుకు' నొక్కితే సాయంత్రానికల్లా సుగుణ చేయి నలభై షెడ్లలోంచీ దిగిపోతుంది, రెండో పేరు పైకెక్కుతుంది. నాంచారమ్మ వేలు దాని దాకా వెళ్ళింది. ఇంతకన్నా తీపి కబురు ఆమె ఎన్నడూ వినలేదు. వేలు ఆనించబోతుండగా అరికాలి మంట నెత్తికెక్కింది. సుగుణను ఓడించింది తను కాదు, ఏదో రోగం. పరీక్షలో వెనకబడ్డ ఆ ఒక్క గీత అలాగే ఉండిపోతుంది.

వేలు వెనక్కి తీసుకుని, "ఇంకోటి కొడదాం. చోటు నువ్వు చూపించు," అంది.

తొడుగుకు ఎదురు తిరిగి మణికట్టు బిగబట్టింది. దెబ్బ ఎక్కడ పడాలో సుగుణ చేయి చూపించింది, వణుకును నాంచారమ్మ చేయి లోపలి నుంచి అదిమిపట్టింది. నాలుగు గీతలు. ఇంకో దెబ్బకు ఒక్కటే గీత.

'ఎవరి చేయి? ఒకటి ఎంచుకోండి. మాదిరి. ధరించినవారు.' పని కుదిరిందని చూసి పెట్టె అడిగింది.

"ఇద్దరిదీ."

పెట్టె మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే చెప్పింది. మూడోసారీ అంతే. మాదిరి చేయి ఎవరిదో తేలకపోతే తొడుగులు నడవవు. మొదట ఆమెది వదులైంది, తర్వాత పక్క బల్లవి, ఆ వెనక షెడ్డంతా. జనం పని ఆపి ఎవరి చేతులు వాళ్ళు చూసుకుంటున్నారు. షెడ్డు చూసుకునే పోతురాజు పరుగున వచ్చాడు.

"ఏం నొక్కావక్కా?"

"ఏమీ నొక్కలా. అడిగినదానికి చెప్పా."

పెట్టెలో సుగుణ గొంతు ఇంకా ఉంది. "ఎందుకు చేశావే ఇట్టా?"

"నీ మీద జాలితో కాదులే. నిన్ను ఓడించాల్సింది నేను. ముందు ఆ చేయి ఎవరికన్నా చూపించుకో. కుదురుకున్నాక మేస్త్రి సుత్తి పట్టుకుని రా. తొడుగులు లేకుండా తేల్చుకుందాం."

"కుదురుకోకపోతే?"

నాంచారమ్మ తొడుగు ఊడదీసి అవతల పడేసింది. బిగించాల్సిన బేరింగులు ఇంకా ఉన్నాయి. పదకొండేళ్ళ తర్వాత షెడ్డులో వట్టిచేత్తో సుత్తి అందుకోబోయింది. అందుకునే ముందు ఆమె బొటనవేలు చూపుడువేలికి రెండుసార్లు రుద్దుకుంది.

ఆమె ఆ చేతి వంక చాలాసేపు చూసింది.

"కుదురుకోవాలి," అంది. "నువ్వొచ్చి పక్కన నిలబడకపోతే ఈ చేయి నాదో నీదో నాకెట్టా తెలుస్తదే?"