పిలుపు అందని పొరుగు రాణి

పూర్వం కొండల నడుమ సిరివరం, వేగవరం అని రెండు చిన్న రాజ్యాలుండేవి. కనుమ దారిలో దొంగల బెడద పెరగడంతో రాజులిద్దరూ కలిసి కాపలా కాయాలని ఒప్పందం చేసుకుని, ఆర్భాటంగా నగారాలు మోగించారు.

ఆ మోత కనుమ అవతలి నల్లసీమను ఏలే రాణి మందారవల్లి చెవిన పడింది. ఇద్దరూ ఒకటై తన మీదికే వస్తున్నారని ఆమె హడలిపోయి, గండశిలుడనే రాక్షసుణ్ణి కాపలా పెట్టింది. వాడు కనుమలో ఉన్న కాపలావాళ్లందరినీ రాతిబొమ్మలు చేసేశాడు. కర్ర ఎత్తి నగారా కొట్టబోతున్న కాటమయ్య అనే కాపలావాడు కూడా అలాగే రాయైపోయాడు.

రాజులు కోపంతో సేనలు సిద్ధం చేస్తుంటే, కాటమయ్య కూతురు పేరిందేవి అడవిలోని ముని దగ్గరకు పరుగెత్తింది.

“రాణి భయమే ఆ రాక్షసుడికి బలం తల్లీ! సేనలు కనుమలో అడుగుపెట్టాయా, మీ నాన్నకు ఇక ప్రాణం రాదు” అన్నాడు ముని.

“ఆ భయం ఎలా పోతుంది స్వామీ?”

“ఇరుగూ పొరుగూ లేనివాణ్ణి, నాకేం తెలుసమ్మా?”

ఆ రాణినే అడుగుదామని పేరిందేవి బయలుదేరింది. దారిలో వాగు దగ్గర మాట్లాడే ఎలుగుబంటి అడ్డుపడింది. “ఎవరి పక్షమే నువ్వు?”

“మా నాన్న పక్షం.”

ఎలుగుబంటి పకపకా నవ్వి, ఆమెను వీపున ఎక్కించుకుని వాగు దాటించింది.

కనుమలో గండశిలుడు కొండలా నిలబడి ఉన్నాడు. “కత్తేది? ఈటె ఏది?”

“ఏమీ తేలేదు.”

“అయితే నీతో నాకేం పని? పో!”

పేరిందేవి తండ్రి రాతిపాదాలకు మొక్కి, రాణి కోటకు వెళ్లి, ఆ కాపలా దొంగల కోసమేనని చెప్పింది.

“దొంగల కోసమే అయితే నాకో మాట చెప్పలేదేం?” అని రాణి గద్దించింది. “పక్కింట్లో శుభకార్యం జరుగుతూ పిలుపు రాకపోతే ఏమనుకోవాలే?”

పేరిందేవి తల వంచుకుంది. తమ వీధిలో బారసాలకైనా ముందు పొరుగు గడపకు వెళ్లి బొట్టు పెట్టి పిలుస్తారు. ఇంత పెద్ద ఏర్పాటు చేసిన రాజులకు ఆ మర్యాద ఎందుకు తట్టలేదో!

“తప్పు మాదేనమ్మా” అంటూ, చెలికత్తెనడిగి కుంకుమ తీసుకుని రాణి నుదుట బొట్టు పెట్టింది. “మీ మనుషులతో మీరూ కాపలాకు రండి.”

“పిలవడానికి నీకెవరిచ్చారు అధికారం?”

“ఎవరూ ఇవ్వలేదు. మా నాన్న చెయ్యి ఇంకా పైకే ఉందమ్మా.”

రాణి గొంతు తగ్గింది. “రేపు మీ కత్తులు నావైపు తిరిగితే?”

“తిరగవని నేనెలా చెప్పను? మీరూ అక్కడే ఉంటే, ఎటు తిరిగాయో మీకే కనబడుతుంది కదా!”

రాణి ఫక్కున నవ్వి, పల్లకీ తెమ్మంది. ఆమె కనుమకు దగ్గరవుతున్నకొద్దీ గండశిలుడు కుంచించుకుపోయి, చివరికి కందిగింజంతై గాలికి ఎగిరిపోయాడు.

రాతిబొమ్మలన్నీ కదిలాయి. ధణ్! కాటమయ్య కర్ర నగారా మీద పడింది. “ఏమే, నువ్విక్కడేం చేస్తున్నావు? అన్నం తిన్నావా?” అన్నాడు. పేరిందేవి వలవలా ఏడ్చేసింది.

అప్పుడే సేనలతో వచ్చిన రాజులు జరిగింది విని సిగ్గుపడి, రాణికి తాంబూలమిచ్చి క్షమించమన్నారు. ముగ్గురూ కలిసి పేరిందేవిని కనుమకు అధికారిణిని చేశారు. మాటపట్టింపులు తర్వాతా వచ్చాయి గానీ, యుద్ధం మాత్రం రాలేదు.

ఆ పూట మూడు రాజ్యాలవాళ్లూ ఒకే పంక్తిలో భోజనానికి కూర్చున్నారు. పేరిందేవి దేవుణ్ణి, మునిని, ఎలుగుబంటిని తలచుకుని దండం పెట్టుకుంది. తర్వాత తండ్రి కలిపి పెట్టిన ముద్ద కోసం నోరు తెరిచింది.